ఉగ్గుపాలతో విషం

హౌరా నుండి బర్ద్వాన్ వైపు సాగే ప్రధాన రైలుమార్గంలో మొట్టమొదటి స్టేషను లిలువా. రైలుపెట్టెల కర్మాగారం చుట్టూ పెరిగిన ఈ పారిశ్రామిక వాడలో, ఆషాఢపు తొలి జడివాన కురిసిన రాత్రి నిద్రపట్టడం కష్టం. పట్టాల వెంబడి పల్లాలు, కార్ఖానా గోడల ప్రక్క గుంటలు, ఇళ్ళ నడుమ ఇంకా పూడ్చకుండా మిగిలిన ‘పుకుర్’లు నీటితో నిండుతాయి. నిండిన గడియలోనే కప్పల కచేరీ ఆరంభమవుతుంది. బుల్‌ఫ్రాగ్ అని పిలువబడే పెద్ద నీటికప్పలలో మగవి ఆ కొద్దిరోజులు నిమ్మపండు ఛాయకు మారి, గొంతుకు రెండు ప్రక్కలా నీలిరంగు బుడగలు పొంగించి, ఆడకప్పలను ఆహ్వానిస్తాయి. తెల్లవారేసరికి నీటి అంచుల నిండా గుడ్లే. గరుకుచర్మపు గోండ్రుకప్పల గుడ్లు జిగురు దారాలలో గ్రుచ్చిన నల్లపూసలవలె ఉంటాయి. చెట్టుకప్పల గుడ్లు నీటికి పైగా, కొమ్మకో గోడకో అంటించిన నురుగు ముద్దలలో దాగి ఉంటాయి.

అంతటితో తల్లిదండ్రుల పని చాలావరకు ముగిసినట్లే. ఒక్క ఆడ బుల్‌ఫ్రాగ్ వేలకొద్దీ గుడ్లు పెట్టి తన దారిన తాను పోతుంది. వాటిలో కొన్ని ఎండకు మాడుతాయి, కొన్ని చేపల పాలవుతాయి, కొన్ని తూనీగ పిల్లలకు ఆహారమవుతాయి. వేలలో ఏ ఒకటి రెండో కప్పలై గట్టెక్కితే వంశం నిలిచినట్లే. ఇది లాటరీ పద్ధతి. ఎన్ని ఎక్కువ టిక్కెట్లు కొంటే అంత ధీమా.

ఋగ్వేదంలోని ఏడవ మండలంలో కప్పలపై ఒక సూక్తమే ఉన్నది. వానాకాలపు కప్పల మ్రోతను వేదం వల్లించే బ్రాహ్మణుల స్వరంతో పోల్చిన సూక్తమది. మన తెలుగు పల్లెలలో వానలు ముఖం చాటువేసినప్పుడు స్త్రీలు, పిల్లలు రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికీ త్రిప్పి దానిపై నీళ్ళు పోయిస్తారు. ఆ తంతు పేరు ‘కప్పతల్లి’. పేరులో తల్లి ఉన్నదే గాని, మన ఊరి కప్పలో తల్లితనం వెదకినా కనబడదు. ఆ పేరుకు నిజంగా తగిన ప్రాణి ఒకటి భూగోళానికి దాదాపు సరిగ్గా అవతలి వైపున, మధ్య అమెరికా వర్షారణ్యాలలో ఉన్నది.

లిలువాలో అర్ధరాత్రి అయ్యేసరికి కోస్టారికాలో మధ్యాహ్నం పన్నెండున్నర గంటలు. మన కప్పలు చీకటిలో గొంతెత్తుతున్న వేళకు, ఆ కప్ప పట్టపగటి వెలుగులో, అందరికీ కనబడేటట్లు అడవి నేలపై తిరుగుతూ ఉంటుంది. దాని పొడవు రెండు సెంటీమీటర్లు, కాస్త అటూ ఇటూ. రూపాయి బిళ్ళపై కూర్చోబెట్టవచ్చు. ఒళ్ళంతా స్ట్రాబెర్రీ పండువలె ఎర్రగా మెరుస్తూ, కాళ్ళు మాత్రం నీలిరంగులో ఉంటాయి. అందుకే దీనిని స్ట్రాబెర్రీ విషకప్ప అంటారు. నీలి పంట్లాము తొడిగినట్లు ఉన్నదని ‘బ్లూ జీన్స్’ కప్ప అని ముద్దుగా పిలిచేవారూ ఉన్నారు. 1857లో ఆస్కార్ ష్మిట్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. నేడు దీని శాస్త్రీయనామం ఊఫాగా పుమిలియో. ఊఫాగా అంటే గ్రీకు భాషలో గుడ్లు తినేది అని అర్థం. ఈ పేరు ఎందుకు వచ్చిందో తెలిస్తే, ఈ కప్ప కథ సగం తెలిసినట్లే.

నికరాగువా, కోస్టారికా, పనామా దేశాలలో కరీబియన్ సముద్రం వైపు వాలిన తడి అడవులు దీని నివాసం. ఆ అడవిలో వానకు కొదువ లేదు, నీటికీ కొదువ లేదు. అయినా ఈ కప్ప చెరువును నమ్మదు. చెరువులో చేపలు ఉంటాయి, పురుగులు ఉంటాయి, ఇతర కప్పల పిల్లలు ఉంటాయి. అందుచేత ఆడకప్ప మగకప్ప పిలుపు విని దగ్గరకు వచ్చి, తడిసిన రాలుటాకుల నడుమ నేలపైనే గుడ్లు పెడుతుంది. ఎన్ని? వేలు కాదు, వందలు కావు. మూడు, నాలుగు, అయిదు. ఎప్పుడైనా కొంచెం ఎక్కువ.

ఇక్కడ మొదటి కాపలా తండ్రిది. మగకప్ప తన ఎల్లలలోకి మరొక మగవాణ్ణి రానివ్వదు. రోజూ గుడ్ల వద్దకు వచ్చి, తన మూత్రాశయంలో నింపి తెచ్చుకొన్న నీటితో వాటిని తడిపిపోతుంది. ఒక్కరోజు ఈ తడి తప్పితే ఆ లేత గుడ్లు ఎండి ముడుచుకొనిపోవచ్చు. ప్రక్క ఎల్లలోని మగకప్ప చొరబడితే ఆ గుడ్లను తినివేయడం కూడ కద్దు. ఏడెనిమిది రోజులు, లేదా పది రోజులు గడిచేసరికి గుడ్డు చిట్లి, నల్లటి తోకకప్ప బయటపడుతుంది. తండ్రి పాత్ర అంతటితో సమాప్తం. అసలు నాటకం ఇక్కడ మొదలవుతుంది.

తల్లి గుడ్ల వద్దకు తిరిగి వచ్చి, వెనుకకాళ్ళపై ముడుచుకొని కదలకుండా కూర్చుంటుంది. తోకకప్ప ఆ కాళ్ళ మీదుగా ప్రాకి వీపునెక్కి అంటుకొంటుంది. సాధారణంగా ఒక్కసారికి ఒక్కటే. ఆ బిడ్డను మోసుకొని రెండు సెంటీమీటర్ల తల్లి అడవి దారి పడుతుంది. వేళ్ళు దాటి, పడిపోయిన మ్రానులు దాటి, చెట్టుబోదె వెంబడి పైకి ప్రాకుతుంది. ఒక్కొక్కప్పుడు కొన్ని మీటర్ల ఎత్తుకు కూడ. మన కొలతలో చెప్పాలంటే చంకన బిడ్డతో ఒక ఇల్లాలు బహుళ అంతస్తుల భవనాన్ని చేతులతో పట్టుకొని ఎక్కినట్లు.

దాని గమ్యం బ్రొమీలియడ్ అనే మొక్క. అనాసకు దాయాది. చెట్లకొమ్మలపై, బోదెలపై ఊరికే పట్టుకొని బ్రతుకుతుంది, చెట్టు సారం పీల్చదు. మన మొగలిపొదలో ఆకుల మొదళ్ళ వద్ద వాననీరు నిలిచినట్లే, దీని ఆకుల మొదళ్ళలోనూ దోసెడుకన్న తక్కువ నీరు నిలుస్తుంది. అదే ఆ బిడ్డకు ఊయల, బావి, లోకం. తల్లి ముందుగా ఆ నీటిలోకి దిగి చూస్తుంది. నచ్చకపోతే మరొక మొక్కకు పోతుంది. నచ్చితే వెనుకకు జరిగి వీపును నీటిలో ముంచుతుంది. బిడ్డ జారిపోతుంది. తరువాత తల్లి నేలకు దిగి, రెండవ బిడ్డ కోసం మళ్ళీ ప్రయాణం కడుతుంది. రెండవదానిని వేరొక ఆకు మొదట దించుతుంది. ఇద్దరిని ఒక్కచోట ఉంచదు. ఒకే నూతిలో రెండు కప్పలైతే ఇద్దరికీ తిండి చాలదు. బలమైనది బలహీనమైనదానిని తినివేసినా ఆశ్చర్యం లేదు.

‘నూతిలో కప్ప’ అని మనం ఎగతాళిగా అంటాము గాని, ఈ పిల్లకు ఆ నూయే రక్షణ. చేప రాలేదు, పెద్ద పురుగు రావడం అరుదు. అయితే ఒక లోపం ఉన్నది. ఆ గుక్కెడు నీటిలో తినడానికి దాదాపు ఏమీ లేదు. సామాన్యమైన తోకకప్పలు నాచును, కుళ్ళిన ఆకును నమలి బ్రతుకుతాయి. వీటికి అదీ చాలదు. మరి పెరిగేదెట్లా?

ఈ ప్రశ్నకు సమాధానం వివరంగా లభించినది గాజుపెట్టెలలో. పీటర్ వైగోల్ట్ అనే జర్మన్ జంతుశాస్త్రజ్ఞుడు ఈ కప్పలను పెంచి, వాటి కాపురాన్ని ఓపికగా గమనించి 1980లో ప్రకటించాడు. తల్లి ఒకటి రెండు రోజులకో, ఇంకొంచెం ఆలస్యంగానో ప్రతి బిడ్డ వద్దకూ తిరిగి వస్తుంది. నీటి అంచున తల్లి కనబడగానే తోకకప్ప ఒళ్ళు బిగించి, తోకను గజగజ వణికిస్తుంది. ఆకలిగొన్న పక్షిపిల్ల నోరు తెరిచినట్లు ఇది దాని ఏడుపు. అప్పుడు తల్లి నీటిలోకి వెనుకకు దిగి, ఫలదీకరణం కాని గుడ్లు కొన్నింటిని పెడుతుంది. ఆ గుడ్లు ఎన్నటికీ కప్పలు కావు. అవి బిడ్డకు భోజనం. తోకకప్ప గుడ్డు పొరకు కన్నం పెట్టి లోపలి సొన జుర్రుకొంటుంది. మరే ఆహారం పెట్టినా అది సరిగా పెరగదు. ఆరు నుండి ఎనిమిది వారాలపాటు ఇదే తంతు. ఆ కాలమంతా తల్లి కొత్త సంసారం మాట తలపెట్టదు. తన శరీరంలో తయారయ్యే ప్రతి గుడ్డూ పాలగుడ్డే.

ఒక్కొక్క తల్లి ఒకేసారి పోషించే పిల్లలు నాలుగైదుకు మించడం అరుదు. ఆ నాలుగైదూ నాలుగైదు వేర్వేరు మొక్కలలో, వేర్వేరు ఎత్తులలో ఉంటాయి. ఇంత చిన్న మెదడు ఆ చిరునామాలన్నీ ఎట్లా గుర్తు పెట్టుకొంటుంది? ఈ విషయం తేల్చడానికి జెన్నిఫర్ స్టినోస్కీ అనే పరిశోధకురాలు కోస్టారికాలోని లా సెల్వా పరిశోధన కేంద్రంలో చిన్న ప్రయోగం చేసి, 2009లో ప్రచురించారు. తోకకప్పను తల్లి వదిలిన చోటినుండి తీసి ప్రక్కనే మరొక గిన్నెలో ఉంచారు. తల్లి వచ్చి పాత చోటు వెదకినదే గాని, ప్రక్కన ఉన్న సొంతబిడ్డను గుర్తించలేదు. పాతచోట పరాయి బిడ్డను పెట్టగా దానికి మారు మాట లేకుండా గుడ్లు పెట్టింది. అంటే తల్లి గుర్తు పెట్టుకొనేది బిడ్డ ముఖం కాదు, బిడ్డను వదిలిన ఇంటి గుమ్మం. మనకిది కొంత నిరాశ కలిగించవచ్చు. కాని ఆలోచిస్తే, కదలలేని బిడ్డ ఎప్పుడూ వదిలిన చోటే ఉండే లోకంలో ముఖం గుర్తుంచుకోవలసిన అవసరమేమున్నది?

ఇప్పటివరకు చెప్పినదంతా ఆహారం మాట. విషం మాట ఇంకా మిగిలి ఉన్నది.

ఈ కుటుంబపు కప్పలకు విషకప్పలని పేరు రావడానికి కారణం కొలంబియాలోని ఎంబెరా చోకో జాతివారు. వారు ఊదుగొట్టంతో విసిరే బాణాల మొనలను కొన్ని కప్పల చర్మంపై రుద్ది వాడేవారు. వాటిలో అతి భయంకరమైన బంగారు విషకప్పను చార్లెస్ మయర్స్, జాన్ డేలీ, బోరిస్ మాల్కిన్ 1978లో శాస్త్రీయంగా వర్ణించారు. మూడంగుళాలైనా లేని ఆ కప్ప చర్మంలోని విషం పదిమంది మనుషుల ప్రాణం తీయడానికి చాలునని లెక్క. మన స్ట్రాబెర్రీ కప్ప విషం అంత తీవ్రమైనది కాదు. పక్షులకు, పాములకు, సాలీళ్ళకు నోరు చేదు చేసి ‘మరోసారి నా జోలికి రాకు’ అని చెప్పడానికి అది సరిపోతుంది. అట్టి హెచ్చరిక దూరం నుండే తెలియాలనే ఆ ఎరుపు. విషం గలవాడు పట్టపగలు తిరగడానికి జంకడు.

అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడైన డేలీ జీవితమంతా ఈ విషాలకే అంకితం చేశాడు. ఉభయచరాల చర్మాలలో 800కు పైగా ఆల్కలాయిడులను ఆయన బృందం లెక్కకెక్కించింది. వాటిలో ఒక తరగతికి పుమిలియోటాక్సిన్ అని మన ఈ చిన్నకప్ప పేరే పెట్టారు. ఈక్వెడార్ కప్పనుండి తీసిన ఎపిబాటిడిన్ అనే మరొక పదార్థం నొప్పిని అణచడంలో మార్ఫిన్‌కన్న దాదాపు రెండువందల రెట్లు శక్తిగలదని తేలింది. 1974లో సేకరించిన ఆ పదార్థపు నిర్మాణం 1992లో గాని తేటపడలేదు. మందుకూ మృత్యువుకూ మధ్య దూరం మరీ తక్కువగా ఉన్నందున అది మందుల దుకాణానికి చేరలేదు.

అయితే విచిత్రమేమంటే, గాజుపెట్టెలలో పుట్టి పండు ఈగలు తిని పెరిగిన కప్పలలో విషమే లేదు! పాము తన విషాన్ని తానే తయారు చేసుకొంటుంది. ఈ కప్ప విషం అంగడి సరుకు వంటిది. అడవినేలపై రాలుటాకులలో బ్రతికే చీమలు, కంటికి ఆనని నల్లి జాతి పురుగులు, మరికొన్ని కీటకాలు కప్ప భోజనం. ఆల్కలాయిడులు వాటిలో ఉంటాయి. వాటిని తిని, ఆ విషాన్ని జీర్ణం చేసుకోకుండా చర్మపు గ్రంథులకు తరలించడమే కప్ప విద్య. వీటిలో నల్లి జాతి పురుగులదే పెద్దవాటా అని రాల్ఫ్ సపొరిటో, ఆయన సహచరులు 2007లో చూపారు.

మరి నూతిలోని తోకకప్ప చీమలు ఎక్కడ తింటుంది? దాని నోట పడేవి తల్లి పెట్టే గుడ్లు మాత్రమే గదా. స్టినోస్కీ, సపొరిటో తదితరులు 2014లో ఈ చిక్కు విప్పారు. తల్లి పెంచిన తోకకప్పల శరీరంలో ఆల్కలాయిడులు కనబడ్డాయి. విషం లేని వేరొక జాతి కప్పల గుడ్లతో పెంచినవాటిలో కనబడలేదు. అంటే, తల్లి నేలపై ఏరుకొని తిన్న విషంలో కొంత, గుడ్ల సొనతో పాటు బిడ్డకు అందుతున్నది. పూతన పాలలో విషం కలిపి శిశువును చంపబోయింది. ఈ తల్లి శిశువును బ్రతికించడానికే విషం కలుపుతున్నది. చెట్టెక్కి వచ్చే ప్రతిసారీ అది రెండు మూటలు మోసుకొని వస్తున్నదన్నమాట: ఒకటి ఆకలికి, రెండవది శత్రువుకు.

పిల్లలను ఇట్లా గుడ్లతో సాకే పద్ధతి అమెరికా ఖండానికే పరిమితం కాదు. తైవాన్ ద్వీపపు వెదురుపొదలలో, నరికిన బొంగుల్లో నిలిచిన నీటిలో తన పిల్లలకు గుడ్లు మేపే చెట్టుకప్ప ఒకటి ఉన్నది. మన దేశంలో ఇంతవరకు వెలుగుచూసిన శ్రద్ధగల తల్లిదండ్రులు ఎక్కువగా పడమటి కనుమలలోనివారు, అందులో తండ్రులదే పైచేయి. కర్ణాటక అడవులలో కుమ్మరి కప్ప అనే పేరు పొందిన జాతిలో మగకప్ప ముందుకాళ్ళతో తడిమట్టి తెచ్చి గుడ్లకు పూత పూస్తుంది. దీనిని 2014లో వర్ణించారు. అదే సంవత్సరం మరొక విశేషం బయటపడింది. పడమటి కనుమల అడవులలో తెల్లచుక్కల పొదకప్ప, బ్రతికి ఉన్న వెదురు కణుపులో పురుగులు చేసిన సన్నని చీలికగుండా దూరి, లోపల గుడ్లు పెడుతుందని తెలిసింది. కాపలా తండ్రిదే. ఆ గుడ్లనుండి తోకకప్పలు గాక నేరుగా చిన్నకప్పలే వస్తాయి.

ఎక్కువ పిల్లలు, తక్కువ శ్రద్ధ. తక్కువ పిల్లలు, ఎక్కువ శ్రద్ధ. ఏది మంచిదని అడగడం అర్థరహితం. వేల గుడ్ల బుల్‌ఫ్రాగ్‌కూ గండం తప్పలేదు. దాని వెనుకకాళ్ళను విదేశీ భోజనశాలలకు మన దేశం టన్నుల లెక్కన ఎగుమతి చేసిన కాలమున్నది. 1980ల తొలినాళ్ళలో ఒక్క ఏడాది ఎగుమతి నాలుగువేల టన్నులు దాటింది. పొలాలలో పురుగులను తినే కప్పలు కరువవుతున్నాయన్న ఆందోళన పెరిగిన తరువాత 1987లో ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది.

విషకప్ప గండం మరొక తీరుది. దానిని తినేవారు లేరు, కొనేవారు ఉన్నారు. 2024 జనవరిలో కొలంబియా రాజధాని బొగోటా విమానాశ్రయంలో ఒక ప్రయాణికురాలి సామానులో 130 విషకప్పలు పట్టుబడ్డాయి. పాతకాలపు ఫోటో ఫిల్ము డబ్బీలలో, నీరు చాలక, కొనప్రాణంతో ఉన్నాయి. అవి మన స్ట్రాబెర్రీ కప్పకు దగ్గరి చుట్టాలు, అదే విధంగా పిల్లలకు గుడ్లు మేపేవి. ఇట్టి ఒక్కొక్క కప్పకు విదేశీ బజారులో వేయి డాలర్ల వరకు పలుకుతుందని అధికారులు చెప్పారు. ఈ సంఖ్యలో కనబడని లెక్క ఒకటున్నది. మన చెరువులో తల్లి బుల్‌ఫ్రాగ్‌ను ఎవరైనా పట్టుకొనిపోతే, అప్పటికే నీటిలో ఉన్న దాని పిల్లలకు తేడా తెలియదు. అక్కడ ఒక తల్లిని డబ్బీలో వేస్తే, నాలుగైదు ఆకు మొదళ్ళలో నాలుగైదు పిల్లలు తోకలాడిస్తూ ఎదురుచూసి, ఎదురుచూసి చచ్చిపోతాయి.

స్ట్రాబెర్రీ కప్ప ప్రస్తుతం అంతరించే జాతుల జాబితాలో లేదు. తోటలలో, అడవి అంచులలో కూడ అది సర్దుకొని బ్రతుకుతుంది. అయినా నిశ్చింతగా ఉండదగిన స్థితి కాదు. లా సెల్వాలో 1970 నుండి 35 ఏండ్ల లెక్కలు పరిశీలించిన శాస్త్రజ్ఞులు, అడవినేలపై బ్రతికే కప్పలు, బల్లుల సంఖ్య దాదాపు 75 శాతం తగ్గిందని 2007లో ప్రకటించారు. అది ఎవరూ గొడ్డలి వేయని రక్షిత అడవి. వాతావరణం మారి నేలపై ఆకుల మెత్త పలుచబడడమే కారణం కావచ్చునని వారి అభిప్రాయం. ఈ కప్పకు ఆకుల మెత్త అంటే పురుటిగది, వంటయిల్లు, ఆయుధాగారం, మూడూ ఒక్కటే.

పిల్లకప్ప ఆకు మొదటనుండి బయటకు వచ్చేనాటికి దాని పొడవు ఒక సెంటీమీటరు. తోక ఇంకా పూర్తిగా కరగదు. తల్లి ఇచ్చిన విషం ఒంట్లో కొద్దిగా ఉంటుంది. తనది తాను సంపాదించుకొనే వరకు అదే పెట్టుబడి. అది నేలకు దిగి మొదటి పురుగును పట్టుకొనే సమయానికి తల్లి మరొక మగకప్ప పిలుపు వింటూ ఉంటుంది. తల్లీ బిడ్డా మళ్ళీ ఎదురుపడినా ఒకరినొకరు గుర్తించే అవకాశం లేదు.

కాని ఒక జ్ఞాపకం మాత్రం బిడ్డలో నిలుస్తుంది. పనామాలోని బోకాస్ డెల్ టోరో దీవులలో ఈ కప్పలు ఒక్కొక్క దీవిలో ఒక్కొక్క రంగు: ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు. పరిశోధకురాలు యూసాన్ యాంగ్ బృందం ఒక రంగు పిల్లలను మరొక రంగు పెంపుడు తల్లుల చేత సాకించి చూసింది. 2019లో వెలువడిన ఫలితం ఇది: ఆ పిల్లలలో ఆడవి పెద్దవై జోడు వెదకుకొన్నప్పుడు కన్నతల్లి రంగును గాక, నీటి అంచున నిలిచి గుడ్లు పెట్టిన పెంపుడు తల్లి రంగున్న మగకప్ప వైపే మొగ్గాయి. మగపిల్లలు కూడ ఆ రంగు మగకప్పలనే తమ పోటీదారులుగా ఎంచి కయ్యానికి దిగాయి.